తంత్రియు యంత్రమును

మా పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, ప్రతి సంవత్సరమువలెనే వ్యాకరణమును గూర్చియో, కాలపాలనమును గూర్చియో నాలుగు మాటలు వ్రాయుదునని వారు తలఁచి యుందురు. కాని యీ యేడు నేను వ్రాయఁబూనినది, విద్యుద్వాద్యములతో నృత్యమునకై కట్టిన యొక యింగ్లీషు రాక్ పాటను గూర్చి. ఇది చూచి కొందఱు తల్లిదండ్రులు, మాస్టరుగారికి ఈ వయస్సున ఇదేమి బుద్ధి యని ఆశ్చర్యపడవచ్చును. చివరవఱకు చదివిన పిమ్మట తీర్పు చెప్పవలసినదిగా వారిని వేఁడుకొనుచున్నాను. ఆ పాటను నాకు వినిపించినవాఁడు నా పూర్వవిద్యార్థి. వానికి నేనొక అపకారము చేసి యుంటిని. దానిని నలుగురి యెదుట చేసితిని గనుక, నలుగురి యెదుటనే ఒప్పుకొనుట న్యాయమని తోఁచినది.

ఎనిమిదేండ్ల క్రిందటి మాట. అప్పుడును వార్షికోత్సవపు సంగీత కార్యక్రమములకు నేనే బాధ్యుఁడను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో హార్మోనియము వాయించుట నేర్చుకొంటిని. నాఁటినుండి పాఠశాల ప్రార్థనలోను, ఆదివారము గుడిలోను కీర్తనలకు వాద్యసహకారము నాదే. ఆ యేఁటి పదియవ తరగతిలో నొక బాలుఁడుండెను. తండ్రి పిఠాపురములో ఆటో నడుపును. తల్లి పుట్టినిల్లు ఉప్పాడ. ఆమె జాందానీ చీరలు నేయును. వాని గొంతు మా పాటల బృందమునకు ప్రాణము. క్రొత్త కీర్తన యేదైన నేర్పునప్పుడు రెండవమారు వినుసరికి తప్పులేక పాడి, ప్రక్క నున్నవారిని గూడ దారికి తెచ్చువాఁడు.

వార్షికోత్సవమునకు పదిదినములు ముందు వాఁడు కాకినాడలో కొన్న పాత కీబోర్డు నొకదానిని, ఎవరినో అడిగి తెచ్చుకొన్న ల్యాప్‌టాప్ నొకదానిని మోసికొని సాధన జరుగు గదికి వచ్చెను. మనము పాడుకొను పాత కీర్తన యొకదాని వరుసను తీసికొని, దానిక్రింద యంత్రపు దరువు కట్టి, తానొక్కఁడే నెలదినములు కూర్చుండి యేదియో తయారు చేసెనఁట. వినిపించుట మొదలు పెట్టెను. అర నిమిషము గడవకముందే నేను చేయెత్తి ఆపించితిని. "పాట మనిషి పాడవలెనురా! మెషీను పాడితే దానిని చప్పుడందురు. ఇది పాఠశాల గాని పెండ్లి ఊరేగింపు కాదు," అంటిని. తోడి పిల్లలు పకపక నవ్విరి. ఆ నవ్వును నేను వారింపలేదు. కొంత సంతోషించితినని గూడ చెప్పవలెను. వాఁడు "సరే మాస్టారూ," అని తీగలు చుట్టుకొని వెళ్ళిపోయెను. కార్యక్రమ పత్రములో వాని పేరు ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని.

మఱుసటి వారము పాటల బృందమునకు వాఁడు రాలేదు. అడిగినచో గొంతు బాగుగ లేదనెను. పరీక్షలు వచ్చినవి, సెలవులు వచ్చినవి, వాఁడు పాఠశాల విడిచి వెళ్ళెను. నేను మఱచిపోయితిని.

గత వేసవిలో ఒకనాఁటి రాత్రి పదకొండు గంటలవేళ మా వీధి చివర పెండ్లివారి డీజే పెట్టెలు కిటికీ తలుపులను వణఁకించుచుండెను. రాత్రి పది మొదలు ఉదయము ఆఱువఱకు బయట లౌడుస్పీకర్లు మ్రోగింపరాదని 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములలో నున్నది. ఆ నియమమును మనస్సులో వల్లించుకొనుచు కోపముతో పోతిని. పెట్టెల వెనుక నున్న యువకుఁడు నన్ను చూచి, నేను నోరు తెఱవకముందే ఒక మీటను క్రిందికి జరిపి, చేతులు జోడించెను. వాఁడే! "క్షమించండి మాస్టారూ, ఇంకొక్క పాట అని పెండ్లివారు వదలలేదు. ఇఁక కట్టేస్తున్నాను," అనెను. కుశలప్రశ్నలైన పిమ్మట, "ఇప్పుడు పాడుచున్నావా?" అని యడిగితిని. "లేదండి. అప్పటి నుంచి పాడలేదు," అనెను. ఆ మాటలో నిష్ఠూరమేమియు లేదు. కాఫీ మానివేసితినని యొకఁడు చెప్పినట్లు చెప్పెను. పెట్టెలు మూఁగవోయిన తరువాత గూడ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారము మధ్యాహ్నము వాని దుకాణమునకు వెళ్ళితిని. చిన్న గది, గోడలనిండ తీగలు, పెట్టెలు. "నాఁడు నీ పాట నేను పూర్తిగ వినలేదు. నేఁడు వినిపింతువా?" అని యడిగితిని. వాఁడు కొంచెము సేపు మాటాడక, "అది లేదండి. ఆ ల్యాప్‌టాప్‌తోనే పోయింది," అనెను. పిదప నా మొగము చూచి జాలిపడెనేమో, కుర్చీ తుడిచి వేసి, "మీరు కూర్చోండి. వేరేవి రెండు వినిపిస్తాను," అనెను.

మొదట వినిపించినది మాండొలిన్ కచేరీ. అది శ్రీ ఉప్పలపు శ్రీనివాస్ గారిది. ఆయన 1969 సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మన గోదావరి తీరపు పాలకొల్లులో జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఆఱేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండొలిన్ చేతఁ బట్టిన యా బాలునకు గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయించువారు కారు. ఆయన నోటితో పాడుచుండ, శిష్యుఁడు దానిని తంత్రులమీఁద పలికించుచుండెనఁట. చదువరులలో ఉపాధ్యాయులైనవారు ఈ సంగతిని గమనింపవలెను. తనకు రాని వాద్యమును శిష్యుఁడు వాయించుచుండఁగా ఆ గురువు వలదనలేదు; తనకు వచ్చిన దానిని వానికి పాడి వినిపించెను.

మాండొలిన్ ఇటలీదేశమునుండి వచ్చిన వాద్యము. దానికి జంటలు జంటలుగా ఎనిమిది తంత్రు లుండును. మీటిన నాదము వెంటనే చల్లాఱిపోవును. కర్ణాటక సంగీతమునకు ప్రాణమైన గమకము పలుకవలెనన్నచో నాదము కొంతసేపు నిలువవలెను గదా! శ్రీనివాస్ గారు విద్యుత్తుతో పనిచేయు మాండొలిన్‌ను గ్రహించి, జంటలు తీసివేసి, ఒంటి తంత్రులైదు నుంచుకొనిరి. విద్యుత్తు నాదమును నిలిపెను. వ్రేళ్ళు దానిని వంచెను. ఈ పరదేశపు వాద్యమున గమకము పలుకునా యని మొదట సందేహించినవారు లేకపోలేదు. పిమ్మట ఆయన దేశదేశములు తిరిగి కచేరీలు చేసి, 1998లో పద్మశ్రీ బిరుదము నొంది, 2014 సెప్టెంబరు 19న చెన్నపట్టణమున నలువదియైదేండ్లకే కన్నుమూసిరి. 1995లో కెనడాదేశపు గిటారు విద్వాంసుఁడు మైకేల్ బ్రూక్‌తో గలసి "డ్రీమ్" అను రికార్డు చేసిరి. దానిలో మన రాగము ప్రక్కన విద్యుద్గిటారును, యంత్రనాదములును గలవు. 1874లో కెనడా బాప్తిస్టు మిషనువారు కాకినాడలో పని మొదలుపెట్టిన తరువాత వారి కీర్తనల వరుసలు మనకు వచ్చినవి. నూటయిరువదేండ్లకు మన పాలకొల్లు మాండొలిన్ కెనడా గిటారుతో సమానముగా కూర్చుండి పలికినది. వినుచుండఁగా నాకు ఈ మాట తట్టి, వానితో చెప్పితిని. వాఁడు నవ్వి, "వెదురుపాక దేవిశ్రీప్రసాద్ గారు కూడా ఈయన శిష్యుడే మాస్టారూ. మొన్న మీ వీధిలో మ్రోగినవాటిలో సగం ఆయన పాటలే," అనెను. నేను కోపముతో నడచి వెళ్ళినది ఏ గురుపరంపరమీఁదికో నాకప్పుడు తెలిసినది.

రెండవది "బ్లూ మండే." ఇంగ్లాండులోని మాంచెస్టరుకు చెందిన "న్యూ ఆర్డర్" అను రాక్ బ్యాండువారు 1983 మార్చి 7న వెలువరించిన సింగిల్, అనఁగా ఒక పాటకై ప్రత్యేకముగా విడుదల చేసిన రికార్డు. ఈ బ్యాండు పుట్టుక దుఃఖములో నున్నది. వీరు మొదట "జాయ్ డివిజన్" అను పేరుతో నుండిరి. వారి గాయకుఁడు ఇయాన్ కర్టిస్ 1980 మే 18న, అమెరికా యాత్రకు బయలుదేరుటకు ముందటి దినమున, ఇరువదిమూఁడేండ్ల వయస్సులో మరణించెను. మిగిలిన మువ్వురును పాత పేరు విడిచిరి. జిలియన్ గిల్బర్ట్ అను యువతి వారిలో చేరెను. గొంతు పోయిన యింట మరల పాట యెట్లు మొదలుపెట్టవలెనో వెదకికొనుచు, వారు యంత్రములవైపు తిరిగిరి. గిటారు వాయించు బెర్నార్డ్ సమ్నర్, విడిభాగములు తెప్పించి, స్వరక్రమమును జ్ఞాపక ముంచుకొను సీక్వెన్సరు నొకదానిని స్వయముగా కూర్చుకొనెను. దరువునకు డ్రమ్ మెషీను వచ్చెను. అయినను పీటర్ హుక్ బాస్ గిటారును విడువలేదు. చేతితో మీటిన యా తంత్రి, పాట నడుమ యంత్రముల ప్రక్కన స్పష్టముగా వినఁబడును.

పాట నిడివి ఏడున్నర నిమిషములు. మొదట డ్రమ్ మెషీను ఒంటరిగా తలుపు కొట్టినట్లు కొట్టును. నిదానపు దెబ్బలు, వెంట గబగబ పరుగెత్తు చిన్న దెబ్బలు. నిమిషమునకు సుమారు 130 దరువుల నడక. తరువాత ఒక్కొక్క నాదము వచ్చి, క్యూలో నిలిచినట్లు తన చోటు తీసికొనును. గాయకుఁడు వచ్చుసరికి రెండు నిమిషములు దాటును. ఆ గొంతులో అలంకారములు లేవు. చలిలో నిలువఁబడి మాటాడువాని గొంతువలె నుండును. నృత్యశాలలయందు గంతులు వేయుటకు చేసిన యా పాటలో ఆ గొంతొకటి దూరముగా నిలిచి యుండుట నాకు విచిత్రముగా తోఁచెను. పన్నెండంగుళముల సింగిల్ రికార్డులలో లోకమున అన్నింటికన్న ఎక్కువ అమ్ముడుపోయినది ఇదే యని ప్రసిద్ధి. రాక్ గిటారువారికిని, యంత్రపు దరువులవారికిని నడుమ నున్న గోడను పడగొట్టినవానిలో దీనిని ముందు చెప్పుదురు.

నేను మెచ్చలేదు, కోపపడలేదు. వాఁడది కనిపెట్టి, "మాస్టారూ, ఇందులో ఒక తప్పుంది. కనిపెట్టండి," అని మరల పెట్టెను. తప్పులు పట్టుటయే వృత్తిగాఁ గల నేను చెవి యొగ్గి వింటిని, దొరకలేదు. అప్పుడు చెప్పెను: సీక్వెన్సరులో స్వరములను ఒక్కొక్కటిగా ఎక్కింపవలెను గనుక, జిలియన్ గిల్బర్ట్ పాటనంతయు ముందు కాగితములమీఁద వ్రాసికొని, ఆ కాగితములను అంటించి, గది పొడవున పఱచుకొనెను. అల్లికపని నమూనావలె నుండెనని ఆమెయే తరువాత చెప్పినది. ఎక్కించునప్పుడు ఒక్క స్వరము పొరపాటున విడిచిపోయెను. దానితో వరుస దరువునకు సరిగా జత పడక, కొంచెము ప్రక్కకు జరిగినది. వారు దానిని దిద్దక అట్లే యుంచిరి. "ఆ జరగడంవల్లే పాట కదులుతున్నట్టు ఉంటుందండి," అనెను. ఒక క్షణ మాగి, "మా అమ్మ మగ్గం దగ్గర కూడా అంతే కదండి. గళ్ళ కాగితం మీద డిజైను ఉంటుంది. దాన్ని చూసి ఒక్కొక్క పోగే ఎక్కిస్తుంది. గీసింది మనిషి, నేసింది మనిషి. నడుమ ఉన్నది మగ్గం," అనెను.

ఉప్పాడ చీరను చూచి, ఇది మగ్గము నేసినది గాని మనిషి నేసినది కాదని యెవ్వరైన అందురా? ఎనిమిదేండ్ల క్రిందట ఆ బాలునితో నేనన్న మాట సరిగా అట్టిదే. నెలదినములు ఒక్కొక్క స్వరమును ఎక్కించినవాని చేతులను నేను చూడలేదు. మీట నొక్కిన వ్రేలిని మాత్రము చూచితిని.

ఇంటికి వచ్చి నా హార్మోనియము ముందు కూర్చుంటిని. నన్ను నేను ప్రశ్నించుకొనవలసి వచ్చెను. ఈ పెట్టె మాత్రము ఎక్కడిది? ఐరోపానుండి వచ్చినదే. గమకము పలుకదనియు, దాని స్వరస్థానములు మన సంగీతమునకు కుదురవనియు చెప్పి 1940 మొదలు 1971 వఱకు రేడియోవారు దీనిని బహిష్కరించి యుంచిరి. నేఁడు మన సంగీతమున కంతటికి ప్రక్కవాద్యమైన ఫిడేలు గూడ పరదేశమునుండి వచ్చినదే. బాలుస్వామి దీక్షితులవారు దానిని నేర్చి మన సంగీతమునకు తెచ్చిరి. విజయనగరపు ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చేతిలో అది తెలుఁగు మాటాడినది. పురుషోత్తమ చౌదరిగారు మన కీర్తనలను కర్ణాటక రాగతాళములలో కట్టినప్పుడు రెండు సంప్రదాయములు చేతులు కలిపినవి. వీణ తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు మహారాజావారి ఆస్థానమున నుండిన యీ పిఠాపురములో కూర్చుండి, బహిష్కృతమైన హార్మోనియమును వాయించుచు, ఒక బాలుని కీబోర్డును బహిష్కరించితిని. పరుల వాద్యమును నేనెట్లు నిందించితినో, నా వాద్యమును నాకు పూర్వులు అట్లే, ఆ మాటలతోనే నిందించిరి.

భాషోపాధ్యాయుఁడను గనుక రెండు మాటలు ధాతువులను గూర్చి చెప్పి తీరవలెను. తంత్రి యను శబ్దమునకు మూలమైన "తన్" ధాతువునకు సాగఁదీయుట యని యర్థము. యంత్రమునకు మూలమైన "యమ్" ధాతువునకు నిగ్రహించుట, పట్టి యుంచుట యని యర్థము. పాటలో సాగునది యొకటి, పట్టి యుంచునది యొకటి యుండవలెను. శ్రుతి తల్లి, లయ తండ్రి యని పెద్దలందురు. నా చేతి తాళము నా వయస్సుతోపాటు తొందరపడును, అలసిపోవును. డ్రమ్ మెషీను అలయదు. అంతే భేదము. సాగవలసిన గుండె మనదే.

ఇట్లని చప్పుడంతయు సంగీతమని నేను ఒప్పుకొనుట లేదు. ముసలివారిని, పసిపిల్లలను, పరీక్షలకు చదువుకొనువారిని నిద్రలేకుండఁ జేయు మ్రోఁత, ఎంత గొప్ప విద్వాంసుని పాట యైనను, పొరుగువానికి హింసయే. ఇతరుల శ్రమను ఒక్క మీటతో దొంగిలించి తనదని చెప్పుకొనుట, పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుటవంటిది. ఈ రెండింటిని నాఁడును కాదంటిని, నేఁడును కాదందును. అయితే ఆ బాలుఁడు ఈ రెండింటిలో ఏదియు చేయలేదు. వాని కాగితము దిద్దకయే సున్న వేసితిని.

ఈ యేటి వార్షికోత్సవ సంఘములో నేనొక ప్రతిపాదన చేసితిని. విద్యార్థులు కీబోర్డుతోను, కంప్యూటరుతోను స్వయముగా చేసిన పాటలకు కార్యక్రమములో చోటీయవలెను. నియమములు మూఁడు: చేసినవాఁడు దానిని యంత్రము లేకుండ గూడ పాడి చూపవలెను, ఇతరులనుండి గ్రహించిన దానిని ఇతరులదని చెప్పవలెను, పెట్టెల ధ్వని ప్రహరిగోడ దాటరాదు. సంఘమువారు దయతో అంగీకరించిరి. పెట్టెలను సరిచూచుటకు ఆ పూర్వవిద్యార్థినే పిలువనంపితిని. సాధన మొదలగుటకు ముందు, పిల్లలందఱి యెదుట, ఎనిమిదేండ్ల క్రిందట ఇదే గదిలో నేనన్న మాట తప్పని చెప్పి, వానిని క్షమింపుమంటిని. వాఁడు తల వంచుకొని, "అంత మాట ఎందుకండి," అనెను. పిల్లలు ఈసారి నవ్వలేదు.

పిమ్మట మూఁడు సాయంకాలములు వాఁడు వచ్చి, ఎనిమిదవ తరగతి బాలికలిద్దఱికి దరువు కట్టుట నేర్పెను. పాడుమని నేనడుగలేదు, అడుగుటకు నాకు అధికారము లేదనిపించినది. చివరిదినము సాధన ముగిసి, పిల్లలు వెళ్ళిపోయిన తరువాత, వాఁడు నేలమీఁద కూర్చుండి తీగలను చుట్టలు చుట్టుచుండెను. నేను బీరువాకు తాళము వేయుచుంటిని. వాని నోట సన్నగా ఒక వరుస వినవచ్చినది. అది నాఁడు నేను అర నిమిషములో ఆపించిన కీర్తనయే. వాఁడు దానిని మొదటినుండి చివరవఱకు అనుకొనెను. బీరువా తాళము ఎప్పుడో పడినది గాని, పాట ముగియువఱకు నేను వెనుకకు తిరుగలేదు.